నైట్‌హాక్ కడుపులో సైడ్‌వైండర్ పట్టేదా?

యుద్ధ విమానాల పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట చేరితే రాడార్‌కు దొరక్కుండా ఎగిరే అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117 నైట్‌హాక్ మాట రాక మానదు. ఆ వెంటనే ఒక ప్రశ్న కూడా వస్తుంది: "పేరులో ఎఫ్ ఉంది కదా, ఇది ఫైటరేనా? ఇంకో విమానాన్ని గాలిలో కూల్చగలదా?" కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, సోవియట్ రాడార్ విమానాలను దొంగచాటుగా కూల్చడానికి దీనికి రహస్యంగా సైడ్‌వైండర్ క్షిపణులు (ఎదుటి విమానం వేడిని పట్టి వెంటాడేవి) ఏర్పాటు చేశారని చెబుతారు. ఈ మాట చాలా ఏళ్లుగా నలుగుతోంది. అమెరికా వైమానిక దళం బయటపెట్టిన ఆయుధాల జాబితాలో మాత్రం అలాంటి క్షిపణి లేదు. 1983 నుంచి 2008 దాకా సాగిన పాతికేళ్ల సర్వీసులో నైట్‌హాక్ ఒక్క విమానాన్నయినా కూల్చినట్టు రికార్డూ లేదు.

వాడలేదు కాబట్టి కుదరదనేస్తే సరిపోదు. కుదిరేదా లేదా అన్నది వేరే ప్రశ్న, దాన్ని విడిగానే చూడాలి. నా మటుకు నాకు తోచింది ముందే చెప్పేస్తాను. క్షిపణిని పట్టించడం పెద్ద కష్టం కాదు. పట్టించినదాన్ని వదలడం కొంచెం కష్టం. ఎవరి మీద వదలాలో, వాడు ఎక్కడున్నాడో తెలుసుకోవడం దగ్గర అసలు చిక్కు ఉంది.

పేరు సంగతి తొందరగా తేల్చేద్దాం. అమెరికా లెక్కలో ఎఫ్ అంటే ఫైటర్, ఏ అంటే దాడి విమానం. రాత్రిపూట శత్రుదేశంలోకి ఒంటరిగా చొరబడి, ముందే ఎంచుకున్న భవనం మీదో బంకరు మీదో, లేజర్ చుక్కను వెతుక్కుంటూ పడే లేజర్ బాంబు వేసి రావడం నైట్‌హాక్ పని. న్యాయంగా దాని పేరులో 'ఏ' ఉండాలి. కానీ దీన్ని దాచిన నెవాడాలోని టోనోపా స్థావరం నుంచే అమెరికా గుట్టుగా సంపాదించిన సోవియట్ మిగ్‌లు కూడా ఎగిరేవి. వాటిలో మిగ్-21ను వైఎఫ్-110 అనీ, మిగ్-23ను వైఎఫ్-113 అనీ పిలిచేవారు. 117 ఆ గూటి పక్షే అనిపిస్తుంది. బయటి జనమేమో ఎఫ్-18 తర్వాత వచ్చేది ఎఫ్-19 అని గట్టిగా నమ్మారు. టెస్టర్స్ అనే బొమ్మల కంపెనీ 1986లో ఒక ఊహాజనిత ఎఫ్-19 ప్లాస్టిక్ కిట్ కూడా అమ్మింది. 1988 నవంబరులో పెంటగాన్ అసలు ఫొటో విడుదల చేస్తే, ఒంపులు తిరిగిన ఆ బొమ్మకూ పలకలు పలకలుగా ఉన్న ఈ విమానానికీ ఎక్కడా పోలిక లేదు. కాబట్టి పేరులోని అక్షరం పట్టుకుని ఏదీ తేల్చలేం. విమానం లోపలికి చూడాలి.

నైట్‌హాక్ కడుపులో పక్కపక్కనే రెండు అరలున్నాయి. ఒక్కో అరలో 2,000 పౌండ్ల తరగతి బాంబు ఒకటి, అంటే దాదాపు 900 కిలోలు. ఎక్కువగా వాడిన జీబీయూ-27 లేజర్ బాంబు పొడవు నాలుగు మీటర్ల పైనే. సైడ్‌వైండర్ పొడవు మూడు మీటర్లు, మందం 127 మిల్లీమీటర్లు, బరువు 85 కిలోలు. రెక్కల వెడల్పు కలుపుకున్నా, ఆ భారీ బాంబు పట్టే చోట ఈ క్షిపణి సుఖంగా పడుతుంది. కొలతల మటుకు చూస్తే, రాడార్ సాయంతో దూరం నుంచి కొట్టే పొడవైన ఆమ్రామ్ క్షిపణి కూడా పడుతుంది, దాని పొడవు 3.66 మీటర్లు. టేపు పెట్టి కొలిచేవాళ్లు ఇక్కడే "చూశారా, కుదురుతుంది" అని లేచి వెళ్లిపోతారు. లోపల పట్టడం వేరు, లోపలి నుంచి పేల్చడం వేరు.

బాంబుకు మోటారు ఉండదు. కొక్కెం వదిలితే బరువుకు కిందికి జారిపోతుంది. సైడ్‌వైండర్ అలా కాదు. అది పట్టాల మీద ఉండగానే మోటారు అంటుకుని ముందుకు దూసుకుపోతుంది. మూసి ఉన్న అరలో ఆ మంట పుడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి ముందు తలుపు తెరవాలి, క్షిపణిని పట్టాలతో సహా బయటి గాలిలోకి దించాలి, ఆ తర్వాతే పేల్చాలి. దీనికి ఊయలలాంటి ఒక చట్రం కావాలి, దాన్నే ట్రాపీజు అంటారు. ఇదేమీ కొత్త విద్య కాదు. 1950ల నాటి ఎఫ్-102, ఆ తర్వాత వచ్చిన ఎఫ్-106 తమ ఫాల్కన్ క్షిపణులను కడుపులోనే దాచుకుని, పేల్చే ముందు కిందికి దించేవి. నైట్‌హాక్ అరల్లోనూ, నేల మీద బాంబులు ఎక్కించేటప్పుడు కిందికి దిగే ట్రాపీజులున్నాయి. సైడ్‌వైండర్ కథకు ప్రాణం పోసింది బహుశా ఈ ట్రాపీజులే. దిగే చట్రం కనిపిస్తే దేనికో అని అనుమానం రావడం సహజం.

ఇవాళ్టి విమానాలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో చూస్తే దాని లోతు తెలుస్తుంది. ఎఫ్-22లో సైడ్‌వైండర్లకు శరీరానికి అటూ ఇటూ చెరో చిన్న అర ప్రత్యేకంగా ఉంది. తలుపు తెరుచుకుని పట్టా బయటికి వాలుతుంది, క్షిపణి ముక్కు గాలిలోకి వస్తుంది. చైనా జే-20 ఇంకో ఎత్తు వేసింది. దాని పట్టా బయటికి వచ్చాక తలుపు మళ్లీ మూసుకుంటుంది, క్షిపణి ఒక్కటే బయట నిలబడుతుంది. ఆమ్రామ్ తరహా క్షిపణులది మరో పద్ధతి. వాటిని ఒక పిస్టన్ బలంగా కిందికి తోసేస్తుంది, విమానానికి దూరమయ్యాక గాలిలోనే మోటారు అంటుకుంటుంది. ఎఫ్-35ను చూడండి. అన్ని వేల కోట్ల ప్రాజెక్టు, అయినా దాని కడుపులో ఆమ్రామ్‌లే ఉంటాయి, సైడ్‌వైండర్ తగిలించాలంటే రెక్క కిందే తగిలించాలి. రెండు వేల సంవత్సరం దాటాక తయారైన విమానానికే లోపలి సైడ్‌వైండర్ కుదరలేదంటే, 1981లో మొదటిసారి ఎగిరిన నైట్‌హాక్‌కు అది చిటికెలో పని అనుకోవడం అమాయకత్వం.

తలుపు తెరవడానికి ఇంకో ఖరీదు కూడా ఉంది. నైట్‌హాక్ ఒంట్లో ప్రతి పలకా రాడార్ తరంగాన్ని వచ్చిన దారిన కాకుండా వేరే దిక్కుకు మళ్లించేలా లెక్కగట్టి పెట్టినదే. ఆ లెక్కకు మూలం సోవియట్ శాస్త్రవేత్త ప్యోత్ర్ ఉఫిమ్త్‌సెవ్ 1962లో ప్రచురించిన సిద్ధాంతం. ఈ విమానాన్ని తయారుచేసిన లాక్‌హీడ్ కంపెనీ రహస్య విభాగం స్కంక్ వర్క్స్‌లోని డెనిస్ ఓవర్‌హోల్సర్ దాని విలువ గుర్తించి కంప్యూటర్ లెక్కగా మలిచాడు. ఆ కాలపు కంప్యూటర్లు ఒంపులను లెక్కగట్టలేక పోవడం వల్లే విమానం పలకలు పలకలుగా వచ్చింది. తలుపుల అంచులను కూడా రంపపు పళ్లలా కోసింది ఇందుకే. అలాంటి ఒంటికి కింద పెద్ద తలుపు తెరిచి, చతురస్రపు గుంత చూపిస్తే ఆ శ్రమంతా వృథా. బాంబుకు ఆ తలుపు కొన్ని సెకన్లు తెరుచుకుంటే చాలు. పాత తరం సైడ్‌వైండర్‌కు అంత తక్కువ సమయం సరిపోదు.

ఎందుకు సరిపోదంటే, ఆ క్షిపణి బయల్దేరేముందే లక్ష్యాన్ని తన కంటితో చూడాలి. దాని ముక్కులో చల్లబరిచిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉంటుంది, అది ఎదుటి విమానం వేడిని పసిగడితే పైలట్ చెవిలో ఒక గుర్రుమనే శబ్దం వస్తుంది. ఆ గుర్రు గట్టిపడితే పట్టు దొరికినట్టు, అప్పుడు మీట నొక్కాలి. క్షిపణి అర లోపల ఉన్నంతసేపూ దానికి కనిపించేది తలుపు రేకే. కాబట్టి దాన్ని బయటికి దించి, ముక్కు తిప్పి, వేడి వెతికించి, గుర్రు వినేదాకా ఆగాలి. అంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది. వదిలాక లక్ష్యాన్ని పట్టుకునే క్షిపణులు, అంటే ఏఐఎమ్-9ఎక్స్ బ్లాక్-2 లాంటివి వచ్చేసరికి నైట్‌హాక్ విశ్రాంతి తీసుకుంది.

ఇంతదాకా చెప్పినవి ఇంజినీర్ల తలనొప్పులు. డబ్బు, కాలం పోస్తే తీరేవే. ఇక తీరని దాని దగ్గరికి వద్దాం. నైట్‌హాక్‌లో రాడార్ లేదు. మరిచిపోయి పెట్టకపోవడం కాదు, కావాలనే పెట్టలేదు. చీకటి గదిలో టార్చి వేసినవాడు ఎదుటివాణ్ని చూసేలోగా, ఎదుటివాడికి టార్చి పట్టుకున్న చెయ్యే ముందు కనిపిస్తుంది. రాడార్ వేసుకున్న స్టెల్త్ విమానానిదీ అదే గతి. తక్కువ బయటపడే కొత్త తరం రాడార్లు యుద్ధ విమానాల్లోకి నైట్‌హాక్ తర్వాత గానీ రాలేదు. పైగా ముక్కులో రాడార్ డిష్ పెడితే దాని వెనకున్న లోహమంతా శత్రు రాడార్‌కు అద్దంలా మెరుస్తుంది.

రాడార్ బదులు నైట్‌హాక్‌కు ఉన్నవి రెండు ఇన్‌ఫ్రారెడ్ కళ్లు. ఒకటి కాక్‌పిట్ ముందు, సన్నని జాలీ వెనక, ముందుకు చూస్తుంది. ఇంకొకటి ముక్కు అడుగున, కిందికీ వెనక్కీ చూస్తుంది. రెండూ నేల మీది లక్ష్యాన్ని పట్టుకుని, దాని మీద లేజర్ చుక్క నిలపడానికి పెట్టినవి. ముందు కన్ను దూరం నుంచి భవనాన్ని గుర్తించి, విమానం దాని మీదుగా వెళ్లేటప్పుడు అడుగు కంటికి అప్పగిస్తుంది. ఎంత చక్కని ఏర్పాటో! కానీ ఆ భవనం ఎక్కడుందో పైలట్‌కు బయల్దేరక ముందే తెలుసు. ఆకాశంలో కదిలే విమానాన్ని ఈ కెమెరాతో వెతకడమంటే, సన్నని గొట్టంలోంచి చూస్తూ ఆకాశమంతా గాలించడమే. దొరికినా దిక్కు తెలుస్తుంది, దూరం తెలియదు. దూరం తెలియకుండా క్షిపణి అందుతుందో లేదో ఎలా చెప్పగలం?

మరి వేరేవాళ్లు చెప్పొచ్చు కదా అంటారు. నేల మీది రాడారో, స్నేహపక్షపు అవాక్సో (గాలిలోంచి కాపలా కాసే రాడార్ విమానం) "ఫలానా దిక్కున ఉన్నాడు" అని రేడియోలో చెబితే సరి. అక్కడా అడ్డు ఉంది. శత్రు భూభాగం దగ్గరికి వెళ్లేసరికి నైట్‌హాక్ పైలట్ రేడియో యాంటెన్నాలను లోపలికి లాగేసుకుంటాడు. పొడుచుకు వచ్చిన చిన్న రేకు కూడా రాడార్‌లో మెరుస్తుంది కాబట్టి. అక్కడి నుంచి అతను మూగ, చెవిటి. శత్రు రాడార్లు ఎక్కడున్నాయో చూసుకుని, వాటి మధ్య సందుల్లోంచి ఎప్పుడు ఎటు తిరగాలో, ఏ రాడార్‌కు విమానం ఏ పక్క చూపించాలో, అంతా ముందురోజే కంప్యూటర్‌లో గీసిన దారి. ఆ దారి తప్పితే స్టెల్త్ కూడా తప్పుతుంది. ఎదురుపడిన విమానాన్ని తరమడానికి ఆ గీత దాటాలి.

ఇక ఆ రాడార్ విమానాల వేట సంగతి. ఈ ప్రచారాన్ని కొట్టిపారెయ్యాలని నాకు లేదు, ఎందుకంటే లక్ష్యం ఎంపికలో తెలివి ఉంది. 1980ల మధ్యలో సేవలోకి వచ్చిన సోవియట్ ఏ-50 నెత్తిన తిరిగే పెద్ద రాడార్ గొడుగు ఉన్న ఇల్యూషిన్-76. పెద్దది, వేగంగా మలుపులు తిరగలేదు, నాలుగు జెట్ ఇంజిన్ల వేడి వెదజల్లుతుంది, సాధారణంగా ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఫైటర్లతో తలపడమంటే నైట్‌హాక్‌కు చావే గానీ, ఇలాంటి దాని దగ్గరికి కనిపించకుండా వెళ్లి ఒక సైడ్‌వైండర్ వదిలి రావడం కాగితం మీద కుదిరే ఆలోచన. ఆ ఒక్క విమానం పడితే సోవియట్ ఫైటర్లకు ఆ రాత్రికి దారి చూపేవాళ్లుండరు.

కాగితం దాటాక చూడండి. నైట్‌హాక్ ఇంజిన్లకు ఆఫ్టర్‌బర్నర్ లేదు, అంటే అదనంగా ఇంధనం మండించి ఒక్కసారిగా వేగం పెంచే ఏర్పాటు లేదు. వేడి తగ్గించడానికి దాని పొగగొట్టాలను వెడల్పుగా, సన్నగా పరిచేశారు, గాలి లోపలికి వెళ్లే దారికి జాలీ అడ్డుపెట్టారు. ఇవన్నీ దాచుకోవడానికి పనికొచ్చినవే, కానీ ఒక్కొక్కటీ కొంత బలం తినేస్తుంది. ధ్వని వేగాన్ని అది అందుకోలేదు. ఏ-50 కూడా ప్రయాణికుల జెట్ వేగంతోనే పోతుంది గనుక, అది కొంచెం పక్కకు జరిగితే వెంటాడి పట్టుకోవడానికి నైట్‌హాక్‌కు మిగిలే ఆధిక్యం నామమాత్రం. ఇక దెబ్బ తగిలాక కాపలా ఫైటర్లన్నీ అటే వస్తాయి. క్షిపణి మంట చీకట్లో ఎంత దూరానికైనా కనిపిస్తుంది. అప్పుడు పారిపోయే వేగం లేదు, ఎదురు తిరిగే తుపాకీ లేదు, వెనక ఏముందో చూసే కిటికీ కూడా సరిగా లేదు.

"దాడికి వద్దులే, ఆత్మరక్షణకైనా ఒకటి పెట్టుకోవచ్చు కదా" అనేవాళ్ల వాదన ఇంకాస్త బలమైనది. దాడి విమానాలు అలా పెట్టుకోవడం మామూలే. ట్యాంకులను వేటాడే ఏ-10 రెక్క కింద సైడ్‌వైండర్లు కనిపిస్తాయి. మన వైమానిక దళం జాగ్వార్లు ఇంకా విచిత్రం, వాటి క్షిపణులు రెక్కల మీద ఉంటాయి. కింద బాంబులకు చోటు తగ్గకూడదని ఆ ఏర్పాటు. మొదట ఫ్రెంచి మ్యాజిక్ క్షిపణి, తర్వాత బ్రిటిష్ అస్రామ్. ఆ అస్రామ్‌లను ఇక్కడే కూర్చేందుకు హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ 2021లో ఐరోపా క్షిపణుల కంపెనీ ఎంబీడీఏతో ఒప్పందం చేసుకుంది. కానీ ఏ-10కూ జాగ్వార్‌కూ బయట తగిలించుకోవడానికి చోటుంది, కనిపిస్తామన్న బెంగ లేదు. నైట్‌హాక్‌కు ఉన్నది రెండే అరలు. ఒకదానిలో సైడ్‌వైండర్ పెడితే సగం బాంబులు పోయినట్టే. 1991 గల్ఫ్ యుద్ధంలో ఈ విమానాలు దాదాపు 1,300 సార్లు దాడికి వెళ్లి ఒక్కటి కూడా నష్టపోకుండా తిరిగొచ్చాయి. అలాంటప్పుడు ఎప్పుడూ ఎదురుపడని ఫైటర్ కోసం సగం బాంబులు వదులుకోమంటే ఏ ప్లానరు ఒప్పుకుంటాడు?

ఒకసారి నష్టపోయింది, నిజమే. 1999 మార్చి 27 రాత్రి సెర్బియాలోని బుడనోవ్‌సీ దగ్గర డేల్ జెల్కో నడుపుతున్న నైట్‌హాక్‌ను కూల్చేశారు. కూల్చింది మిగ్ కాదు, జోల్తాన్ డానీ నాయకత్వంలోని దళం నేల మీది నుంచి పేల్చిన ఎస్-125, అంటే 1960ల నాటి సోవియట్ క్షిపణి. ఆ రాత్రి జెల్కో దగ్గర నాలుగు సైడ్‌వైండర్లున్నా కథ మారేది కాదు.

క్షిపణి ఉన్నంత మాత్రాన రక్షణ దొరకదనడానికి 2002 డిసెంబరులో ఇరాక్ మీద జరిగిన ఒక చిత్రమైన పోరు ఉంది. అమెరికా ప్రిడేటర్ డ్రోన్‌కు విమానాలను కొట్టే చిన్న స్టింగర్ క్షిపణులు తగిలించి పంపారు. ఇరాక్ మిగ్-25 దాని మీదికి వచ్చింది. ఇద్దరూ క్షిపణులు వదిలారు. ప్రిడేటర్ కూలింది, మిగ్ ఇంటికెళ్లింది. చేతిలో ఆయుధం ఉన్నా, వేగం, ఎత్తు, చూపు ఎదుటివాడి దగ్గరే ఉంటే అంతే. నైట్‌హాక్ ఆ డ్రోన్ కన్నా చాలా వేగమైనదే, కానీ దాన్ని వెతికి వచ్చే మిగ్-29, సుఖోయ్-27 ముందు దాని పరిస్థితి కూడా ఆ వైపే మొగ్గుతుంది.

ఇక్కడ ఒక చమత్కారం చెప్పకుండా ఉండలేను. నైట్‌హాక్ తనకున్న ఆయుధంతోనే, సిద్ధాంతపరంగా, గాలిలో ఒకణ్ని కూల్చి ఉండొచ్చు. 1991 ఫిబ్రవరి 14న ఒక అమెరికా ఎఫ్-15ఈ యుద్ధ విమాన సిబ్బంది ఎగురుతున్న ఇరాకీ హెలికాప్టర్‌ను జీబీయూ-10 లేజర్ బాంబుతో కొట్టారు. 2,000 పౌండ్ల బాంబు పడ్డాక హెలికాప్టర్ మిగిలిందా అని అడగకండి. ఆ బాంబును నైట్‌హాక్ కూడా మోస్తుంది, లేజర్ చుక్క నిలిపే పరికరమూ దానికుంది. నేలకు ఆనుకుని మెల్లగా పోయే హెలికాప్టర్ మీద అది పనిచేసింది, అంతే. ఎత్తున తిరిగే ఏ-50 మీదికి బాంబు జార్చాలంటే దానికన్నా పైన ఉండాలి, గురి సెకన్లలో తప్పిపోతుంది.

మరి దీన్ని నిజంగా గాలిలో పోరాడే విమానంగా మార్చాలంటే ఏం చెయ్యాలి? ఆ లెక్క లాక్‌హీడే వేసింది. 1990ల మొదట్లో అమెరికా నౌకాదళానికి విమాన వాహక నౌకల మీద నడిచే నైట్‌హాక్ అమ్మాలని చూసింది. 1993లో మొదట ప్రతిపాదించిన ఎఫ్-117ఎన్ ఒక్క పనికే పనికొస్తుందని నౌకాదళం ఆసక్తి చూపలేదు. లాక్‌హీడ్ తర్వాత దాన్నే ఏ/ఎఫ్-117ఎక్స్ పేరుతో పెంచి చూపింది. ఆఫ్టర్‌బర్నర్ ఉన్న ఎఫ్414 ఇంజిన్లు, కొత్త రెక్క, కొత్త తోక, చుట్టూ కనిపించే బుడగ కాక్‌పిట్ మూత, ముక్కులో రాడార్, అప్పుడు గానీ ఆమ్రామ్‌లు. బయట తగిలించే చోట్లు కూడా. ఆ జాబితా చదువుతుంటే పాత విమానంలో మిగిలేది ఏమిటా అనిపిస్తుంది. ఆమ్రామ్ అన్న మాట అందులో చివరికి వస్తుంది, మిగతావన్నీ దాని కోసం ముందు జరగాల్సినవి. నౌకాదళం దాన్నీ కాదని, తన డబ్బు సూపర్ హార్నెట్ యుద్ధ విమానం మీద పెట్టింది.